సెంటర్‌విల్ మీదుగా గ్యోంగ్జు

అమెరికాలో, ఈ ఆష్‌బర్న్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ముందు కంపెనీ అడుగుతారు, పేరు తరవాత. ఏ పుట్టినరోజు పార్టీలోనైనా పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడితే చాలు, పక్కకి ఓ కుర్రాడొచ్చి "హాయ్ అంకుల్, ఏ కంపెనీ? క్లౌడా, డేటానా?" అంటాడు. "సాంబారు" అంటాను నేను. జోకనుకుని వాడు నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. వాడి ప్లేటులో ఉన్న సాంబారు పొద్దుటి నుంచి నిలబడి నేను కాచిందే మరి.

నా పేరు శేషగిరి. వయసు యాభై అయిదు. చదువు సంగతి తరవాత చెబుతాను. ఆ మాట వాయిదా వెయ్యడంలో నాకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది.

తణుకులో పెళ్ళివంటలు చేసుకునేవాణ్ణి. నా భార్య పద్మ తమ్ముడు శశికాంత్ ఇక్కడ సిటిజను. వాడు అక్కకి కాయితాలు పెడితే, సారెలో ఇత్తడి బిందెలాగా అక్కతో పాటు నేనూ వచ్చాను. ఆ వీసా వరసలో పద్నాలుగేళ్ళు నిలబడ్డాం. వచ్చి నాలుగేళ్ళయింది. వసుమతిగారి క్యాటరింగ్ కిచెన్‌లో హెడ్డు కుక్కుని. హెడ్డంటే కింద పదిమంది ఉన్నారని కాదు. ఉన్నది ఒక్కడే కాబట్టి తలకాయీ వాడే, కాళ్ళూ వాడే.

శశికాంత్ మంచివాడు. అదే నాకొచ్చిన చిక్కు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని బతికేవాణ్ణి. ఇక్కడికొచ్చాక నా లైసెన్సు ఫారం వాడే నింపాడు, ఇన్సూరెన్సు వాడే, టాక్సులూ వాడే. సంతకం చోట ఇంటూ మార్కు పెట్టి "ఇక్కడ బావా" అంటాడు. సంతకమొక్కటే నాది. పైగా నాకేదైనా చెప్పాలంటే వాయిస్ మెసేజీ పెడతాడు. అక్కకి టైపు చేస్తాడు, మా అమ్మాయి భవితకి టైపు చేస్తాడు, నాకొక్కడికే నోటిమాట. "బావా, ఏం లేదు, చిన్న విషయం..." అని మొదలుపెట్టి నలభై సెకన్లు. బావకి చదవడం రాదనేగా! తెలుగు పేపరుని టెండరు నోటీసులతో సహా నమిలేవాణ్ణి. ఇంగ్లీషైతే కూడబలుక్కోవాలి, అది వేరే సంగతి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. వాడి వాయిస్ మెసేజీలు వినకూడదు. నా ఫోనులో అవి ఎవరూ కొరకని జంతికల్లాగా వరసగా పడి ఉంటాయి. జీవితంలో నేను సాధించిన పెద్ద పగ ఇదీ.

కొరియా పిచ్చి భవిత అంటించింది. అది రిచ్‌మండ్‌లో చదువుకుంటోంది. సెలవులకొచ్చినప్పుడు తెలుగులో మాట్లాడే కొరియా సీరియల్ ఒకటి టీవీలో పెట్టింది. దాని సెలవులు అయిపోయాయి, అది వెళ్ళిపోయింది, నేను మాత్రం వెల్లుల్లి ఒలుచుకుంటూ అలాగే ఉండిపోయాను. ఆ రాజులూ, ఆ టోపీలూ, అన్నం గిన్నె మీద మూతలూ నాకు తెగ నచ్చాయి. ఆ తరవాత ఎవరో తెలుగు కుర్రాడు తీసిన వీడియోలో గ్యోంగ్జు అనే ఊరు చూశాను. వెయ్యేళ్ళు రాజధానిగా ఉన్న ఊరట. ఊరి మధ్యలో రాజుల సమాధులు పచ్చటి గడ్డిదిబ్బల్లా గుండ్రంగా లేచి ఉన్నాయి. వాటి ఎదురుగానే కాఫీ హోటళ్ళు, కుర్రాళ్ళు లాప్‌టాపులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ రాజులు పడుకున్నారు, వీళ్ళు పని చేసుకుంటున్నారు, ఎవరూ ఎవర్నీ కంపెనీ అడగట్లేదు. అక్కడికి వెళ్ళాలనిపించింది.

ఓ ఆదివారం శశికాంత్ ఇంట్లో భోజనాల దగ్గర ప్రకటించాను.

"అక్టోబర్‌లో కొరియా వెళ్తున్నాను. గ్యోంగ్జు."

"సియోల్ కాదా బావా?"

"సియోల్ అందరూ వెళ్తారు."

"గ్రూప్ టూరా?"

"ఒక్కణ్ణే. ఎనిమిది రోజులు. కల్చర్ చూడ్డానికి, రిలాక్సవ్వడానికి."

పద్మ గరిటె పట్టుకునే నవ్వింది. "ఈయన రిలాక్సా! ఆదివారం కుర్చీలో కూచోండి అంటే ఆ కుర్చీ బోల్టులు బిగిస్తారురా శశీ."

"నువ్వూ వెళ్ళొచ్చుగా అక్కా?"

"డేకేర్‌లో నాకు లీవెక్కడిది? అయినా నన్ను పిలిస్తేగా."

నిజమే, పిలవలేదు. పద్మ వస్తే ఫారాలు తనే చదివేస్తుంది. ఇంటర్ పాసైన మనిషి.

"టికెట్ నేను బుక్ చేస్తాను బావా, పాయింట్లు కూడా ఉన్నాయి" అన్నాడు శశికాంత్.

అప్పుడన్నాను ఆ మాట. "నువ్వు ముట్టుకోవద్దు. ఈ ఒక్క పనీ మొదటి కాయితం నుంచి చివరి కాయితం దాకా నేనే చేసుకుంటాను. ఎవరైనా వేలు పెట్టారో, మళ్ళీ మీ ఇంటి గడప తొక్కను."

పద్మ గరిటె గాల్లో ఆగిపోయింది. వాడు రెండు చేతులూ పైకెత్తాడు. "సరే బావా. మీ ఇష్టం."

నాకు కావలసింది గ్యోంగ్జు సగమే. ఈ దేశంలో ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, ఎవరూ ఇంటూ మార్కు పెట్టకుండా నేను మొదలుపెట్టి నేనే ముగించాలి. మిగతా సగం అదీ.

టికెట్టు మూడు సాయంత్రాలు కూర్చుని బుక్ చేశాను. హోటలు ఇంకో రెండు. ప్రింట్లు తీసి ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టాను. వసుమతిగారు సెలవిచ్చి, మొహానికి రాసుకునే కొరియా క్రీముల పేర్లు చీటీ మీద రాసిచ్చారు. ఆవిడ చూసి ఇంకో ఇద్దరు ఇచ్చారు. నాకు జీవితంలో మొదటిసారి విదేశం వెళ్ళే మనిషికుండే హోదా వచ్చింది. అప్పటికే విదేశంలో ఉన్నానన్న సంగతి మర్చిపోయాను.

శశికాంత్ ఎయిర్‌పోర్ట్‌లో దింపాడు. దారంతా ఏదో అడగబోయి మానుకున్నాడు. చివరికి సూట్‌కేసు దింపుతూ "అన్నీ చూసుకున్నారు కదా బావా?" అన్నాడు.

"చూసుకోకుండా వస్తానా?"

వాడి కారు వెళ్ళిపోయిన పావుగంటకి నేను కౌంటర్ ముందున్నాను. పాస్‌పోర్ట్ ఇచ్చాను. అక్కడి అమ్మాయి పేజీలు అటూ ఇటూ తిప్పి, కొరియా వీసా ఏదని అడిగింది. నేను దర్జాగా గ్రీన్ కార్డు తీసి ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని తిరగేసి చూసి, రెండు చేతులతో తిరిగిచ్చింది.

"ఇది తిరిగి రావడానికి సార్. వెళ్ళడానికి ఏది?"

వెనక లైన్లో ఎవరో దగ్గారు. నేను ఫోల్డరు తెరిచి హోటలు కాయితం కూడా చూపించాను, అందులో ఉదయం టిఫిన్ ఫ్రీ అని ఉంది కదాని. ఆ అమ్మాయి చాలా మర్యాదగా తల అడ్డంగా ఊపింది. మీకు అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే వెళ్ళేవారు, ఇండియా పాస్‌పోర్ట్‌కి వీసా ఉండాలి అంది. సూట్‌కేసు లాక్కుంటూ పక్కకి వచ్చాను. దాని చక్రం ఒకటి కిచకిచలాడింది. అది కూడా నవ్వుతున్నట్టే అనిపించింది.

ఇంటికి ఎలా వెళ్తాను? ఎనిమిది రోజులు వెళ్తానన్నవాణ్ణి ఎనభై నిమిషాల్లో తిరిగొచ్చానంటే, ఇక చచ్చేదాకా నా సంతకం పక్కన ఇంటూ మార్కు ఉంటుంది. బయటికొచ్చి టాక్సీ ఎక్కాను.

"ఎక్కడికి?" అన్నాడు డ్రైవరు.

"కొరియాకి" అన్నాను ఒళ్ళు మండి.

వాడు అద్దంలోంచి నన్నొకసారి చూశాడు, సూట్‌కేసుని చూశాడు, బండి పోనిచ్చాడు. అరగంట తరవాత సెంటర్‌విల్‌లో ఒక పెద్ద బిల్డింగు ముందు ఆపాడు. చుట్టూ బోర్డులన్నీ కొరియా అక్షరాలు. పచారీ కొట్టు, బేకరీ, పళ్ళ డాక్టరు, అన్నీ వాళ్ళవే. మధ్యలో కొరియా వాళ్ళ స్నానాలశాల. "రోజంతా తెరిచే ఉంటుంది, లోపలే తిండి, లోపలే పడక. మా ఆవిడ కోప్పడినప్పుడు నేను ఇక్కడికే వస్తాను" అన్నాడు. నా మొహంలో వాడికి ఏం కనిపించిందో మరి.

లోపల బూట్లు తీసుకుని చేతికి ఒక తాళంచెవి కట్టారు. ఒక నారింజరంగు నిక్కరూ, చొక్కా ఇచ్చారు. అవి అందరూ కలిసి కూర్చునే హాల్లో వేసుకోవడానికి. అసలు స్నానాలు మగవాళ్ళకి వేరే, ఆడవాళ్ళకి వేరే. నేను నీలం చారల డ్రాయరు మీద తువ్వాలు చుట్టుకుని మగవాళ్ళ స్నానాల గదిలోకి అడుగుపెట్టాను. లోపల ముప్పై మంది ఉన్నారు. ఒక్కడి ఒంటి మీద నూలుపోగు లేదు. తాతలూ, కొడుకులూ, మనవలూ, పుట్టినప్పుడు ఎలా ఉన్నారో అలా, వేడినీళ్ళ తొట్లలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నన్ను చూసి కబుర్లు ఆపేశారు. బట్టలున్నవాణ్ణి చూసి జనం సిగ్గుపడటం అదే మొదటిసారి చూశాను.

మూలనున్న బల్ల దగ్గర్నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఒళ్ళు రుద్దే ఆయన. డెబ్భై ఏళ్ళుంటాయి, పొట్టిగా, రోకలిలాంటి చేతులు. నా డ్రాయరు వైపు వేలు చూపించాడు, తరవాత తలుపు వైపు చూపించాడు. రెండింట్లో ఒకటి బయటికి వెళ్ళాలని అర్థమైంది. ఏది పంపాలో ఆలోచించుకోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. మా ఊళ్ళో కాలవలో దిగినా గోచీతో దిగినవాళ్ళం. చివరికి యాభై అయిదేళ్ళ మానాన్ని గూట్లో పెట్టి తాళం వేశాను.

ఆయన నన్ను బల్ల మీద పడుకోబెట్టి, బకెట్టుతో గోరువెచ్చటి నీళ్ళు కుమ్మరించి, చేతికి గరుకు గుడ్డ తొడుక్కుని మొదలుపెట్టాడు. అబ్బ! అది రుద్దడం కాదు, చిత్రిక పట్టడం. కాసేపటికి ఒంటి మీద నుంచి బూడిదరంగు వత్తులు రాలాయి. పిండి పిసికినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, సేమ్యా చేసుకోవచ్చు. ఆయన వాటిని నాకు గర్వంగా చూపించాడు. వీపు మీద చెయ్యి పడ్డప్పుడు మాత్రం మొహం బల్లకి ఆనించేశాను. భోగినాడు మా అమ్మ నలుగు పెట్టి రుద్దిన తరవాత నా వీపుని ఇంకొకళ్ళు పట్టించుకోలేదు. బోర్లా పడుకుని ఉన్నాను కాబట్టి పరువు దక్కింది.

మర్నాడు మధ్యాహ్నం హాల్లో ఆయనే నా పక్కకొచ్చి కూర్చున్నాడు, పళ్ళెంలో ఉడికించిన గోధుమరంగు గుడ్లు పెట్టుకుని. వెచ్చటి నేల, జనం తువ్వాళ్ళని గొర్రె కొమ్ముల్లా మడిచి తలకి చుట్టుకుని పడుకుని ఉన్నారు. ఆయన పేరు యూన్. తన ఫోను తీసి దాంట్లో ఏదో మాట్లాడాడు. ఫోను తెలుగులో పలికింది.

"నిన్న నీవు ధరించిన నీలి చారల లంగోటమును గాంచి నేను మిక్కిలి నవ్వితిని."

నేను గుడ్డు మింగలేక దగ్గాను. మా తెలుగు మాస్టారు కూడా ఇంత శుద్ధంగా తిట్టలేదు.

"నీ వయస్సు ఎంత? నీ స్వగ్రామము ఏది?" అంది ఫోను. ఎంత హాయనిపించిందో! వయసూ ఊరూ అడిగాడు. కంపెనీ అడగలేదు. నేను జరిగింది చెప్పాను, గ్యోంగ్జు, కౌంటరు, టాక్సీ, అన్నీ. ఆ ఫోను ఆయనకి ఏ కొరియా గ్రాంథికంలో చెప్పిందో గానీ, ఆయన నేల చరిచి నవ్వాడు. తరవాత నా భుజం తట్టాడు. "చింతించకుము. గ్యోంగ్జును నేను నీకు చూపెదను."

చూపించాడు కూడా. రోజూ మధ్యాహ్నం పని మధ్యలో వచ్చి కూర్చునేవాడు, ఆ ఊరు చెప్పేవాడు. రాజుల దిబ్బల మీదికి పిల్లలు ఎక్కితే కాపలావాడు ఈల వేస్తాడట. చీకటి పడితే చెరువులో రాజభవనం తలకిందులుగా దీపాలతో సహా నిలబడుతుందట. సీసా ఆకారంలో ఒక రాతి కట్టడం ఉంది, వెనకటి వాళ్ళు దాంట్లోంచి చుక్కలు లెక్కపెట్టారట. ఆ ఊళ్ళో పెట్రోల్ బంకుకి కూడా పాతకాలపు పెంకుల కప్పేనట, కింద కొత్త కార్లు ఆగుతాయట. ఒకరోజు ఎదుటి బేకరీ నుంచి ఆ ఊరి రొట్టె తెచ్చిపెట్టాడు. కొరికి చూస్తే లోపల ఎర్ర చిక్కుళ్ళ తీపి పూర్ణం. మన బూరెని నూనెలో వెయ్యకుండా కాలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. యాలకులు లేవు, అదొక్కటే లోపం.

ఇదంతా నేను "మన ఫ్యామిలీ" గ్రూపులో రాశాను. అక్కడ ఉన్నట్టే. "ఇప్పుడే చెరువు గట్టు మీద కూర్చున్నాను" అని రాసేటప్పుడు ఉప్పురాళ్ళు పరిచిన వేడి గదిలో చెమటలు కక్కుతున్నాను. తెలుగులో, అక్షరం తప్పు లేకుండా. మూడోరోజు శశికాంత్ జవాబు పెట్టాడు. వాయిస్ కాదు, టైపు చేశాడు, తెలుగు అక్షరాల్లో! "బావా, మీరు రాస్తే చూసినట్టె ఉంది. ఇంకా రాయండీ." రెండు చోట్ల దీర్ఘాలు తారుమారయ్యాయి. ఆ తప్పులు చూసి నాకు కలిగిన ఆనందం ఆ గ్యోంగ్జు రాజులకి యుద్ధాలు గెలిచినా కలిగి ఉండదు.

ఉత్సాహం పట్టలేక నెట్‌లోంచి దిబ్బల ఫోటో ఒకటి దింపి గ్రూపులో పెట్టాను. నిమిషంలో భవిత నాకు విడిగా మెసేజీ పెట్టింది.

"నాన్నా, ఆ ఫోటోలో చెర్రీ పూలున్నాయి."

"అవును, చాలా బాగున్నాయి."

"అవి ఏప్రిల్‌లో పూస్తాయి. ఇప్పుడు అక్టోబర్. మామయ్య చూసేలోపు డిలీట్ చెయ్యి. అండ్ నువ్వెక్కడున్నావ్?"

డిలీట్ చేశాను. రెండో ప్రశ్నకి ఫోను బోర్లా పెట్టాను.

ఆరోరోజు ఆదివారం. యూన్ వచ్చి కూర్చున్నాడు. ఆయన్ని అడిగాను, "ఆ చెరువు మీరు ఎన్నిసార్లు చూశారు?" అని.

ఆయన ఫోనులో చెప్పి, దాన్ని నా చెవి దగ్గర పెట్టాడు. "ఒక్క పర్యాయము కూడ చూడలేదు."

నేను మళ్ళీ చెప్పమన్నాను.

"మా కాలమున ప్రాథమిక పాఠశాల చివరి తరగతిలో పిల్లలనందరిని గ్యోంగ్జు యాత్రకు కొనిపోవుదురు. అంతకు ముందు సంవత్సరమే నేను చదువు మానితిని. అప్పుడు నా వయస్సు పదకొండేండ్లు. నా మిత్రులు వెళ్ళి వచ్చి పొలము గట్టున కూర్చుండి చెప్పిరి. నేను వింటిని. ఆపై ఈ దేశమునకు వచ్చితిని." అని ఫోను ముగించింది. ఆయన ఇంకో గుడ్డు నెత్తికేసి కొట్టుకుని పెంకు ఒలుచుకున్నాడు. అంతే. చదువు మానాను, అందుకని ఊరు చూడలేదు. వానొచ్చింది, అందుకని తడిశాను అన్నంత మామూలుగా చెప్పాడు. మొహంలో ఏమీ మారలేదు. గుడ్డులో ఉప్పు తక్కువైందని మాత్రం సణిగాడు.

నేనిక్కడ ఒక ముక్క దాచాను, చెప్పేస్తాను. శశికాంత్ వాయిస్ మెసేజీలు వినకూడదన్న నియమాన్ని ఒక్కసారి తప్పాను. టికెట్టు బుక్ చేసిన వారానికి వాడొకటి పెట్టాడు. విన్నాను. "బావా, ఏం లేదు, చిన్న విషయం. మీ పాస్‌పోర్ట్‌కి కొరియా వీసా కావాలి. నేను నింపట్లేదు, మీరే నింపండి. ఫారం లింకు మాత్రం పంపుతున్నా." ఆ ఫారం తెరిచాను. పేరు నింపాను, పుట్టినతేదీ నింపాను, పెళ్ళయిందా అంటే అయిందన్నాను. తరవాత చదువు అని ఒక భాగం వచ్చింది. పెద్ద డిగ్రీ, చిన్న డిగ్రీ, హైస్కూలు అని గళ్ళు. ఆ కిందన ఆఖర్న 'అదర్' అని ఒకటి. అది నొక్కితే వివరాలు రాయమంటోంది.

కూర్చున్నాను. టీ కాచుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఎనిమిదో క్లాసు సగంలో మానేశానని ఇంతవరకు ఏ కాయితం మీదా నా చేత్తో రాయలేదు. వేరేవాళ్ళు రాస్తే నేను అటు తిరిగి సంతకం పెట్టాను. ఆ రాత్రి ఫారం మూసేసి, గ్రీన్ కార్డు ఉన్నవాడికి వీసా ఏంటి, శశికాంత్‌కి ప్రతిదానికీ భయమే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోగా చెప్పుకోగా నమ్మాను. పొద్దుటికి ఎంతగా నమ్మానంటే, కౌంటర్‌లో ఆ పిల్ల వీసా అడిగినప్పుడు నిజంగానే ఆశ్చర్యపోయాను. నన్ను ఎయిర్‌పోర్ట్‌లో ఆపింది వాళ్ళు కాదు. ఒక గడి ఆపింది. వేలెడంత గడి.

యూన్ పనికి లేచి వెళ్ళిపోయాడు. నేను గుడ్డు పట్టుకుని అలాగే ఉన్నాను. పక్కన ఎవరో నారింజరంగు బట్టల మనిషి వచ్చి చతికిలబడింది. తలకి తువ్వాలు గొర్రె కొమ్ముల్లా చుట్టుకుంది.

"కొరియా ఎలా ఉందండీ?"

పద్మ.

గుడ్డు చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. తను ముందుకి వంగి దాన్ని ఆపి, పెంకు ఒలిచి నోట్లో వేసుకుంది.

"నీకెలా తెలుసు?"

"భవిత మన ఫోన్లకి ఆ మ్యాప్ షేరింగ్ పెట్టింది కదా. ఆరు రోజుల్నుంచి మీ బొమ్మ సెంటర్‌విల్‌లోనే కూచుని ఉంది. మొదటిరోజు కంగారుపడ్డాను. తరవాత చూస్తే గ్రూపులో చెరువంటారు, దీపాలంటారు. సరే, మనిషి బాగానే ఉన్నాడు, రిలాక్సవుతున్నాడు అనుకున్నాను."

"శశికి తెలుసా?"

"లేదు. వాడు మీరు రాసినవి ఆఫీసులో తెలుగువాళ్ళందరికీ చదివి వినిపిస్తున్నాడు."

చన్నీళ్ళ తొట్లో ముంచినట్టయింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫారం సంగతి చెప్పాను, గడి సంగతి చెప్పాను. పద్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీరు ఎనిమిదని పెళ్ళిచూపుల్లోనే మా నాన్న చెప్పాడు. నాకు తెలియనిదా?"

"నీకు తెలుసు. ఆ ఫారానికి తెలీదు."

తను నా ముంజేతి మీద వేలితో రాసి చూసింది. "ఇదేంటి, ఇంత నున్నగా ఉంది? ముప్పై ఏళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు. లేవండి, ఇంటికెళ్దాం. అన్నట్టు వసుమతిగారి క్రీములు ఎదుటి కొట్లో ఉన్నాయి. మీ చీటీ వంటింట్లో వదిలేసి వెళ్ళారు, నేను కొనేశాను."

ఇంటికొచ్చాక ముందు శశికాంత్‌కి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, ఒక్క గుక్కలో, చేదుమందు మింగినట్టు.

"అయితే బావా, ఆ చెరువూ, ఆ దీపాలూ..."

"విన్నవే. చూసినవి కావు."

"రాసింది మీరేగా?"

"రాసింది నేనే."

"మరింకేం?"

వాడలా అనేసరికి ఇన్నాళ్ళూ కడుపులో ఉన్నది బయటికొచ్చింది. "అందరికీ టైపు చేస్తావు, నాకొక్కడికే ఆ వాయిస్ మెసేజీలేంట్రా? చదవడం రాదనా?"

"అయ్యో బావా! నా తెలుగు రాత మీరు చూశారుగా, అన్నీ తప్పులే. వాళ్ళకైతే ఇంగ్లీషులో కొట్టేస్తా. మీకు తెలుగులో రాయాలి, రాస్తే మీరు తప్పులు పడతారు. ఆ రెండు లైన్లు టైప్ చెయ్యడానికే నాకు ఇరవై నిమిషాలు పట్టింది."

నాలుగేళ్ళుగా దాచుకున్న నా పగకి అదీ పునాది. "దీర్ఘాలు చూసుకో" అన్నాను.

"సరే బావా. ఇంకేమైనా హెల్ప్ కావాలా?"

"ఒక్క డౌటు. 'అదర్' అని నొక్కితే కింద ఎంత రాయొచ్చు?"

"ఏమో బావా, నాకెప్పుడూ ఆ గడి నొక్కే అవసరం..." అని ఆగిపోయాడు నాలిక్కరుచుకుని.

"పర్లేదులే" అన్నాను. నిజంగానే పర్లేదనిపించింది.

డైనింగ్ టేబుల్ మీద భవిత పాత లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. పేరు, పుట్టినతేదీ, పెళ్ళి. తరవాత ఆ భాగం. 'అదర్' నొక్కాను. కింద ఒక గీత తెరుచుకుంది. ఒక్క గీతే. దీనికా నేను సూట్‌కేసు లాక్కుంటూ ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్ళింది! ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఎయిత్ క్లాస్, ఆఫ్టర్ దట్ కుక్, అని ఇంగ్లీషులో కొట్టాను.

పద్మ నా భుజం మీంచి తొంగిచూసింది. "ఇంకా చోటుందిగా. నలభై ఏళ్ళు అని కూడా వెయ్యండి."

వేశాను. సరిగ్గా పట్టింది.

తను బీరువా తెరిచి తన పాస్‌పోర్ట్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇప్పుడు నాది నింపండి. ఏప్రిల్ మొదటి వారానికి లీవు అడిగాను. ఆ పూలు నిజంగా ఉన్నప్పుడే వెళ్దాం."

మళ్ళీ మొదటి గడి నుంచి మొదలుపెట్టాను. పద్మ పేరు, పద్మ పుట్టినతేదీ. ప్రయాణం దేనికి అనే చోట ఆగి తన వైపు చూశాను.

"రిలాక్సవ్వడానికని కొట్టండి" అంది పద్మ. "మీరు పక్కనుంటే అది కుదరదనుకోండి. అయినా కొట్టండి."